నడుస్తున్న మనిషికి దండం పెట్టకండి

ఫిజియోథెరపీ చదివి, ఈ జిల్లాలోనే పని చేద్దామనుకునే పిల్లలు అప్పుడప్పుడు పలాసలో నన్ను చూడటానికి వస్తారు. ఏ యంత్రం కొనాలి, ఏ కోర్సు చేస్తే మంచిది అని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే. మనిషి ఎందుకు పడతాడు? అందులోనూ, పార్కిన్సన్ జబ్బుతో కాళ్లు బిగుసుకుపోతూ, దానితోపాటు మతి కూడా సన్నగిల్లుతున్న మనిషి ఎందుకు పడతాడు? అతన్ని ఆపడానికి మనం చేసేవాటిలో ఏది వైద్యం, ఏది కాదు? నా ఉద్యోగంలో చివరి సగం ఈ ప్రశ్నతోనే గడిచింది.

కాళ్లు పట్టుకునే పని

టెక్కలి చుట్టుపక్కల మా కుటుంబానికి ఒకప్పుడు చాలా భూమి ఉండేది. నా దాకా వచ్చింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. నేను ఈ చదువులో చేరినప్పుడు మా పెదనాన్న, "మన ఇంట పుట్టి పరాయివాళ్ల కాళ్లు పట్టుకుంటావా?" అన్నారు. పట్టుకున్నాను. పిక్కలు, మోకాళ్లు, మడమలు, పుండు పడిన పాదాలు, చేపల వాసన వేసే పాదాలు, మూడు దశాబ్దాలకు పైగా పట్టుకున్నాను. ఎవరి ముందూ తల దించుకోవలసిన అవసరం నాకు రాలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. రోగి పాదం పట్టుకోవడానికి నామోషీ ఉన్నవాడు వేరే పని చూసుకోవడం మేలు.

ఊళ్లలో మనల్ని 'కరెంటు డాక్టరు' అంటారు. నడుముకో భుజానికో కరెంటు పెట్టించుకుని వెళ్లిపోదామని వస్తారు. కరెంటు పెడితే సంతోషిస్తారు, కసరత్తు చెబితే మొహం ముడుచుకుంటారు. వాళ్లను సంతోషపెట్టడమే పనిగా పెట్టుకుంటే మీ గది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నడక బాగుపడినవాడు మాత్రం ఒక్కడూ కనిపించడు.

అడగవలసింది

నాకు పని నేర్పిన పెద్దావిడ విశాఖపట్నంలో మా విభాగానికి అధికారి. నవ్వగా ఎవరూ చూడలేదు. పడి దెబ్బ తగిలించుకున్న రోగి వస్తే, మేమంతా 'ఎలా పడ్డారు' అని అడిగేవాళ్లం. వాళ్లు 'కాలు జారింది' అనేవారు. మేం అదే రాసుకునేవాళ్లం. ఒకరోజు ఆవిడ నా చేతిలో కాగితం తీసి పక్కన పెట్టి, "కాలు దానంతట అదే జారుతుందా? పడబోయే ముందు ఆయన ఇంకేం చేస్తున్నాడో అడుగు" అన్నారు.

అడిగితే మొదట అందరూ ఒకటే చెబుతారు. "ఏటీ సెయ్యనేదు బాబూ, నడుత్తన్నాడంతే." వదలకండి. ఇంకా అడగండి. చేతిలో చెంబు ఉందా? ఎవరైనా పిలిచారా? వెనక్కి తిరిగాడా? పంచె సర్దుకుంటున్నాడా? మంచం మీద నుంచి అప్పుడే లేచాడా? ఈ జబ్బులో లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు చీకట్లు కమ్మేవాళ్లు చాలామంది. వాళ్లు మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. ఉత్తినే నడుస్తూ పడేవాళ్లు తక్కువ. నడుస్తూ ఇంకొకటి చేయబోయి పడేవాళ్లే ఎక్కువ.

దీనికి విరుద్ధంగా నేను పనిచేసిన ఒకచోట ఎముకల డాక్టరుగారు ఉండేవారు. చేయి మంచిది. విరిగిన తుంటి అతికించి ఇంటికి పంపుతూ, "మళ్లీ పడకుండా చూసుకోండి" అని చెప్పేవారు. ఆ మాట వైద్యం కాదు. అది బాధ్యతను గుమ్మం దాటించడం. ఇంట్లోవాళ్లకు దానికి తెలిసిన అర్థం ఒకటే. మనిషిని కదలనివ్వకపోవడం. కుర్చీకి తువ్వాలుతో కట్టేయడం. కదలని మనిషికి కాళ్లలో ఉన్న కాస్త బలమూ పోతుంది. ఆపైన కట్టు విప్పిన రోజునే పడతాడు.

పిక్కలు కొట్టే చేతులు

ఈ జబ్బులో మెదడులో ఏం జరుగుతుందో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. చెప్పకపోతే రోగి మొండికేస్తున్నాడని అనుకుంటారు. పుస్తకంలో పేర్లు చెబితే ఎవరికీ ఎక్కదు. నేను పలాస జీడి బట్టీల సంగతి చెబుతాను.

బట్టీలో చేయి తిరిగిన ఆడవాళ్లు జీడిపిక్కలు కొడుతూ, కోడళ్ల మీద, మొగుళ్ల మీద చాడీలు చెప్పుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంటారు. చేయి కత్తి కింద పిక్క పెడుతుంది, కాలు మీట తొక్కుతుంది, పప్పు ముక్క కాకుండా బయటికి వస్తుంది. మనసుకు ఆ పనితో సంబంధం లేదు. అదే కొత్తగా చేరిన పిల్లను చూడండి. ప్రతి పిక్కా కళ్లతో చూసి పెట్టాలి. పక్కావిడ "ఏటే, ఏం కూరొండినావు?" అంటే చాలు, వేలు కోసుకుంటుంది.

మనందరి నడకా చేయి తిరిగిన ఆడదాని పని లాంటిది. మెదడు లోతుల్లో ఒక భాగం దాన్ని మనకు తెలియకుండా నడిపిస్తుంది. పార్కిన్సన్ జబ్బులో ఆ భాగానికి అందవలసిన రసాయనం తయారు చేసే కణాలు చచ్చిపోతూ వస్తాయి. అప్పటినుంచి మనిషి కొత్తగా చేరిన పిల్లలా నడుస్తాడు. ప్రతి అడుగూ తలచుకుని వేయాలి. తలచుకుంటే వేయగలడు. కొన్నేళ్లు అలా నెట్టుకొస్తాడు. తర్వాత కొందరిలో జబ్బు మెదడు పైభాగానికీ పాకుతుంది. తలచుకోవడానికి కావలసిన ఏకాగ్రతే తగ్గుతుంది. దూరం, లోతు సరిగ్గా అంచనా వేయలేరు. లేనివి కనబడతాయి. తూలినప్పుడు మనకు తనంతట తానే ముందుకు పడే కాలు వాళ్లకు పడదు. తాను నడవలేనన్న సంగతి కూడా మరిచిపోయి దిగ్గున లేస్తారు.

ఇంత చెప్పాక ఇంట్లోవాళ్లకు ఒక్క మాట మిగలాలి. ఆయన కాళ్లకు ఇప్పుడు ఆయన ధ్యాసే ఊతకర్ర. నడిచేటప్పుడు దాన్ని లాక్కోకండి.

తవిటయ్య

కంచిలి దగ్గర ఒక ఊళ్లో తవిటయ్య అనే కొబ్బరి రైతు ఉన్నాడు. ఊరి పెద్దమనిషి. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు ఆయన దగ్గరికే వచ్చేవి. వణుకు మొదలైన చాలా ఏళ్లకు మతిమరుపు వచ్చింది. వసారాలో దూడ కట్టేసి ఉందనేవాడు. దూడ లేదు. ఆ దూడను మాన్పించడానికి ఊళ్లో ఎవరో మత్తు మందు ఇస్తే మనిషి కర్రలా బిగుసుకుపోయాడు, అప్పుడే మొదటిసారి నా దగ్గరికి తెచ్చారు. మందులు మార్చడం మన పని కాదు, కానీ ఈ జబ్బులో కొన్ని మందులు కాళ్లను ఇంకా బిగదీస్తాయని తెలుసుకుని, నరాల డాక్టరుకు వెంటనే చెప్పడం మన పనే. చెప్పాను. ఆ మందు ఆపాక మళ్లీ అడుగులు పడ్డాయి.

అడుగులు పడ్డాయి కాబట్టి పడటమూ మొదలైంది. మణికట్టు విరిగింది. నుదురు చీరుకుపోయింది. కొబ్బరి లారీ నడిపే కొడుకు ఢిల్లేశు విసిగిపోయి తండ్రిని కుర్చీకి కట్టేశాడు. తవిటయ్య భార్య దమయంతమ్మ పలాస వచ్చి నన్ను పిలిచింది. నేను అప్పటికే ఉద్యోగం మానేసి ఉన్నాను. అయినా వెళ్లాను. ఆసుపత్రి వరండాలో ఈ రోగులు తిన్నగా నడిచి చూపిస్తారు. వాళ్లు పడేది ఇంటి దగ్గర. కాబట్టి చూడవలసింది ఇంటి దగ్గరే.

"కట్టు విప్పండి" అన్నాను.

"ఇప్పుతాను. పడితే తవరు పట్టుకుంటారేటి?" అన్నాడు ఢిల్లేశు.

"పట్టుకోవడానికే వచ్చాను."

తవిటయ్య ప్రతి ఉదయం ఇంటి నుంచి కొబ్బరి కాయలు పోగేసే పాక దాకా నడిచేవాడట. ఆయనకు కావలసింది ఆ నడకే. వెనక నడుము దగ్గర చేయి ఆనించి పక్కన నడిచాను. పెరట్లో బాగానే నడిచాడు. వీధిలోకి వచ్చాం. బాగానే ఉంది. అంతలో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటి బావా, పెళ్లికొడుకునాగ బయల్దేరినావు? నాకు సెప్పకండా రెండో పెళ్లేటి?"

దమయంతమ్మ తమ్ముడు జోగారావు. తవిటయ్య మొహం వెలిగింది. పెద్దమనిషి కదా, పలకరించినవాడికి బదులు చెప్పకుండా ఉండడు. మెడ తిరిగింది, భుజం తిరిగింది, చేయి పైకి లేచింది. పాదాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. చెట్టు విరిగినట్టు పక్కకు ఒరిగాడు. పట్టుకోవడానికి వచ్చాను కాబట్టి పట్టుకున్నాను. నా భుజం పట్టేసింది.

దమయంతమ్మను అడగవలసింది అప్పుడు అడిగాను. మణికట్టు విరిగిన రోజు ఏం జరిగింది? ఎదురింటి ముసలాయన గుమ్మంలోంచి దండం పెట్టాడు. నుదురు పగిలిన రోజు? స్కూలు మేష్టారు సైకిలు దిగి నమస్కారం చేశాడు. ఆ ఊరు తమ పెద్దమనిషిని గౌరవించి గౌరవించి పడగొడుతోంది.

ఊరి నోరు మూయించడం

"నడిచేటప్పుడు ఎవరూ ఆయన్ని పలకరించకూడదు, వెనక నుంచి అసలే పిలవకూడదు" అని చెప్పాను. ఊరు ఒప్పుకోదేమో అనుకున్నాను. దమయంతమ్మ ఒక్క పూటలో ఒప్పించింది. "బయల్దేరినోడిని ఎనక్కి పిలిత్తే కీడని మనకి తెల్దేటి? ఆయనకి రోజూ అదే కీడు తగుల్తంది" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వెనక్కి పిలవకూడదన్నది మన ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలిసిన శకునం. మెదడు గురించి నేను చెప్పవలసిందంతా ఆ శకునం చెప్పేసింది. నేను సరిదిద్దలేదు. ఫలితం సరైనదైతే కారణం ఏదనుకుంటే నాకేం?

పడటం ఆగిపోయింది. నేను చాలా తృప్తిపడ్డాను.

ఆ తర్వాత ఒకరోజు దమయంతమ్మ మళ్లీ వచ్చింది. "బాబూ, ఆయన లేవడం మానీసినాడు. గోడేపు తిరిగి తొంగున్నాడు. అన్నం ముట్టడు."

"ఏమంటున్నాడు?"

"'నానేటి తప్పు సేసినానని ఊరు నన్ను ఎలేసింది?' అంతన్నాడు."

ఆమె చెబుతూనే ఉంది. ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీదివాళ్లు మాటలు ఆపేస్తున్నారు. దండం పెట్టబోయి చేతులు వెనక్కి లాక్కుంటున్నారు. కొందరు ఇంట్లోకి వెళ్లిపోతున్నారు. ఇది జబ్బు కోసమని పొద్దున్న చెబితే మధ్యాహ్నానికి మరిచిపోతాడు. చెప్పిన మాట పోతుంది. ఊరు మొహం తిప్పుకుందన్న బాధ మాత్రం పోదు. కొత్తవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బులో జ్ఞాపకం ముందు పోతుంది. అభిమానం చాలా ఆలస్యంగా పోతుంది. కొందరిలో పోనే పోదు.

భూములు పోయాక మా నాన్నగారు టెక్కలి బజారులో నడుస్తుంటే, అంతకు ముందు లేచి నిలబడినవాళ్లు తక్కెడ వైపు చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ఆయనకు ఏ జబ్బూ లేదు. అయినా ఆ నడక ఆయన మానుకున్నారు.

మర్నాడే కంచిలి బస్సెక్కాను. ఢిల్లేశు వీధిలోనే ఎదురయ్యాడు. అతను చెడ్డవాడు కాడు. తండ్రి తుంటి విరిగి మంచంలో కుళ్లిపోతాడన్న భయం అతనిది.

"వొగ్గీయండి బాబూ. తొంగున్నోడు పడడు కదా. ఇన్నాళ్లకి నానూ రాత్రి పడుకుంతన్నాను" అన్నాడు.

దమయంతమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కొడుకును చూడకుండా నాతో అంది. "పడితే లేవదీత్తాం బాబూ. మనిసే లోపల్నించి పోతే ఏటి లేవదీత్తాం?"

ఈ వృత్తిలో తీసుకోవలసిన నిర్ణయం అంతా ఆ రెండు మాటల్లో ఉంది. పడకుండా ఉండటం గొప్ప సంగతే. కానీ మనిషి దేనికోసం లేచి నడుస్తాడో దాన్ని తీసేసి, పడటం ఆపామని చెప్పుకోవడం దొంగలెక్క. అలాగని పలకరింపులు వదిలేస్తే ఈసారి తుంటి విరగడం ఖాయం. రెండూ నిలబెట్టాలి. నిలబెట్టి తీరాలని కూర్చున్నాం.

ముందు కుర్చీ, తర్వాత దండం

పాక దగ్గర చేతులున్న బరువైన చెక్క కుర్చీ వేయించాను. ప్లాస్టిక్ కుర్చీ వద్దు. కూర్చోబోతే అది వెనక్కి జారుతుంది. ఇంటి నుంచి అక్కడిదాకా ఆయన మౌనంగా నడవాలి. పక్కన దమయంతమ్మ. ఆగిపోతే 'తొందరగా' అనకూడదు, రెండు చేతులూ పట్టి ముందుకు లాగకూడదు. కుడికీ ఎడమకీ ఒంటిని ఒకసారి ఊపి, 'అడుగు' అని ఒక్క మాట. కుర్చీ దగ్గర దిగ్గున వెనక్కి తిరగకుండా, చిన్న చిన్న అడుగులతో చుట్టూ తిరిగి, పిక్కలకు చెక్క తగిలాక కూర్చోవాలి. కూర్చున్నాక ఎవరైనా రావచ్చు. ఒక్కొక్కరుగా, ఎదురుగా వచ్చి, ఆయన కళ్లలోకి చూసి దండం పెట్టాలి. ఆయన చేయెత్తి బదులిచ్చేదాకా కదలకూడదు.

దారిలో జనాన్ని ఆపే పని జోగారావు తనంతట తానే తీసుకున్నాడు. రోడ్డుకు అడ్డంగా నిలబడి, మెల్లగానే, కొబ్బరి బుట్టలతో వచ్చేవాళ్లతో అనేవాడు. "ఆగరా. ఏటా తొందర? సామి ఇంకా పీట మీద కూకోనేదు. కూకున్నాక దర్శనం."

"నీకు పెసాదం ఏటి ఇత్తారు మావా?" అని ఎవడో అడిగాడు.

"మా అక్క తిట్లు. రోజూ పెట్టుద్ది, కడుపు నిండిపోతంది."

మొదటి రోజు తవిటయ్య కుర్చీలో కూర్చుని అనుమానంగా చూశాడు. ఎదురింటి ముసలాయన వచ్చి దండం పెట్టాడు. తవిటయ్య చేయి లేవడానికి చాలాసేపు పట్టింది. ముసలాయన నిలబడే ఉన్నాడు. చేయి లేచింది. ఆ వెనక మేష్టారు. ఆ వెనక కొబ్బరి కమ్మలు మోసే ఆడవాళ్లు. కూర్చున్న మనిషికి ధ్యాస చెదిరినా ఏం కాదు. నవ్వితే నవ్వనీ, తిరిగితే తిరగనీ.

మళ్లీ పడలేదా అని అడుగుతారు. పడ్డాడు. ఒకరోజు పాక దగ్గర లేని దూడను అదిలించబోయి పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయింది. కబురు తెలిసి వెళ్లాను. ఢిల్లేశు పాక దగ్గర నిలబడి ఉన్నాడు. 'ముందే సెప్పాను' అంటాడని అనుకున్నాను. అనలేదు. కాయల పోగు పక్కన నేల ఎగుడుదిగుడుగా ఉందని, పారతో చదును చేస్తున్నాడు.

పూర్తిగా పడని మనిషిని నేను ఇంతవరకూ తయారు చేయలేదు. మీరూ చేయలేరు. తక్కువసార్లు, తక్కువ దెబ్బతో పడేలా చేయగలం. దానికోసం మొండిగా పని చేయండి. ఎవరైనా అంతకంటే ఎక్కువ మాట ఇస్తే నమ్మకండి.

తగువు

ఈమధ్య ఒక ఉదయం వెళ్లాను. తవిటయ్య బాగా తగ్గిపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు. దమయంతమ్మ పేరు కూడా అన్ని రోజులూ నోటికి రావడం లేదట. పాక దాకా దారిలో రెండుసార్లు ఆగిపోయాడు. అయినా నడిచాడు. కూర్చున్నాడు.

దండాలు అయ్యాక ఇద్దరు నడివయసు రైతులు ముందుకొచ్చారు. గట్టు మీది కొబ్బరి చెట్టు కాయలు నావంటే నావని మొదలుపెట్టారు. ఒకడు తన తాత నాటాడంటాడు. ఇంకొకడు నీళ్లు తన బోరువంటాడు. తవిటయ్య ఒకడు మాట్లాడేటప్పుడు వాడివైపు, ఇంకొకడు మాట్లాడేటప్పుడు వీడివైపు తల తిప్పుతూ విన్నాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు. వెన్ను మాత్రం నిటారుగా ఉంది. ఇద్దరూ ఆగాక, నాకు వినబడీ వినబడని గొంతుతో అన్నాడు.

"కోపం మీదున్నారు. రేపు రండి. సూద్దాం."

"సిత్తం" అని ఇద్దరూ వెళ్లిపోయారు.

వచ్చేటప్పుడు జోగారావు నన్ను బస్సు దాకా సాగనంపాడు. ఆ చెట్టు ఎవరిదని తేలుతుందో అని అడిగాను. అతను నావైపు వింతగా చూశాడు.

"ఆ సెట్టు ఎక్కడుంది బాబూ? తుపానుకే పోనాది. వోళ్లిద్దరూ ఇయ్యంకులు కూడా అయిపోనారు."

"మరి ఆ తగువు?"

"తగువు తీరిపోతే మా బావ రేపొద్దున్న ఎందుకు లెగుత్తాడు?"